ఎడమకు గుంజే బండి

హాలియా దాటినంక కాలువ పక్కన నా షెడ్డు.
బోర్డు లేదు.
గోడకు ఒరిగిన పాత యాక్సిలే గుర్తు.

మొన్న పొద్దూకి హర్యా తెచ్చిండు బండి.
పక్కన నిలబడితే నా ఛాతీ దాకా బంపర్.
"నాలుగించులు లేపించిన అన్నా,
బత్తాయి తోటలల్ల గట్లు తగిలి
రెండుమాట్ల చాంబర్ పగిలింది. ఇగ తగలదు."
నిజమే, తగలదు.
కింద కుక్క పండుకోవచ్చు,
పండుకుంది గూడ.

కానీ ఆయన దిగంగ చూసిన:
ఎడమ భుజం చెవు దాకా లేసి, కుడిది జారి,
వేళ్లు ఇంకా ముడుచుకొనే ఉన్నయి
లేని రింగును పట్టుకున్నట్టు.
"ఎటు గుంజుతది?"
"ఎడమకే. ఎప్పుడూ ఎడమకే.
గుంతల పడ్డదా, ఇగ దాని ఇష్టం."

తెల్లారి గోనెసంచి పరుచుకొని కిందికి దూరిన.
బండి కింద మిట్ట మధ్యాహ్నం గూడ మసకే.
గ్రీజు, గట్టిపడ్డ ఎర్రమట్టి,
ఎన్నడు ఇరికిందో ఒక బత్తాయి తొక్క.
లేపినోడెవడో గాని పట్టీలు మంచియే వేసిండు,
యు బోల్టులు కసిగ బిగించిండు.
చట్రం లేసింది. చక్రాలు నేల మీదనే ఉన్నయి మరి.
ఆ రెంటికీ నడుమ స్టీరింగ్ రాడు
గడ్డివాముకు వేసిన నిచ్చెన లెక్క ఏటవాలుగ.
టైరు ఎగిరినప్పుడల్లా రాడే టైరును తోస్తది,
డ్రైవర్ను అడగదు.

ఇగ చీలికలు.
కుడి దిక్కు దొడ్డు అంచు వెనకకు ఉంది, సరిగ్గ.
ఎడమ దిక్కు దొడ్డు అంచు ముందుకు.
అరచేతిల పట్టేంత ఇనుము, తిరగేసి పెట్టిండు.
చీకటి పడ్డదేమో,
లేకుంటే అప్పుడే చాయ్ వచ్చిందేమో.
నేను తిట్టలే.
నేను గూడ ఒకసారి మల్లేపల్లి బస్సుకు...
ఆ ముచ్చట ఇప్పుడొద్దు.

"మూడు నెలలు తోలిన దీన్ని,
పట్నం దాకా, రాత్రిళ్లు," అన్నడు హర్యా
కుక్క పక్కన గొంతుక్కూసోని.

పొడుగు డ్రాప్ ఆర్మ్ మిర్యాలగూడ నుంచి
కండక్టర్ కాళ్ల కాడ పెట్టుకొని తెచ్చిండు.
బిగించినంక రాడు పండుకుంది, నేలకు సమంగ.
చీలిక తిప్పిన.
తమ్ముని బిడ్డ శివలీల వెనక టైరు కాడ దారం పట్టింది,
నేను ముందట పట్టిన.
"పెద్దనాయినా, ఊపిరి పీల్చకు, దారం కదులుతుంది."
పీల్చలే.
రెండు గీతలంత లోపలికి చూపిచ్చినం చక్రాలను,
మాట్లాడుకునేటోళ్ల మొకాలు తిరిగినంత.

కాలువ కట్ట మీద తోలి చూసినం.
పావు కిలోమీటరు పోలేదు,
"అన్నా, ఇప్పుడు కుడికి గుంజుతుంది!"
బండి దిక్కు చూడలే నేను, ఆయన మణికట్టు చూసిన.
నరాలు తేలి ఉన్నయి.
"బండి కాదు, నువ్వే. వదులు."
"నీళ్లున్నయన్నా పక్కన."
"వదులు హర్యా."
ఒక్కొక్క వేలు విప్పిండు,
జ్వరమొచ్చిన పోరని నొసటి మీది నుంచి చెయ్యి తీసినట్టు.
బండి పోయింది.
దారం ఎట్లుందో అట్ల పోయింది.
తూము కాడ మలుపు తిరిగినంక
రింగు దానంతట అదే నడిమికొచ్చింది,
పొద్దూకంగ కొట్టానికొచ్చే మేక లెక్క.
హర్యా మాట్లాడలే.
చేతులు రింగుకు జానెడు పైన ఆగి ఉన్నయి,
ఎక్కడ పెట్టాల్నో తెలవక.

ఎడమ టైరు ఒక అంచు అరిగి నున్నగైంది.
"దీన్ని నేను బాగు చెయ్యలేను, స్టెప్నీకి వాడుకో" అన్న.
పదిహేను వందలిచ్చిండు,
మిగిలినయి కాయ తెగినంక.

గేటు దాటంగ చూస్తే
ఎడమ భుజం ఇంకా చెవు కాడనే ఉంది.
"ఇంకో నాలుగు లోడ్లు పడతది" అన్న.
"దేనికి పెద్దనాయినా?" అంది శివలీల.
నేను దారం చుట్టుకుంటున్న.