గాలికి కట్టిన బాడుగ

మొంబాసాలో మా ఆఫీసు
కిలిందిని రేవుకు వెళ్లే దారిలో, టైర్ల కొట్టు పైన.
ఉప్పుగాలికి క్యాలిక్యులేటర్ మీద ఎనిమిది అంకె అరిగిపోయింది,
గట్టిగా నొక్కితే తప్ప పలకదు.

కితుయీ నుంచి రాత్రి బస్సులో వచ్చింది కలొందు.
పద్దెనిమిది మంది ఆడవాళ్లు అల్లిన
రెండొందల నలభై నార బుట్టలు
బ్రెమెన్ ఊళ్లో ఒక కొట్టుకు చేరాలి.
"విమానమెంత, ఓడెంత, రెండూ చెప్పు.
బస్సు దిగి నీళ్లు కూడా తాగలేదు."

తూకం వేశాను. తొంభై ఆరు కిలోలు.
టేపు పెట్టాను. పొడవు, వెడల్పు, ఎత్తు
గుణించి ఆరువేలతో భాగిస్తే
వెయ్యీ ఎనభై.
ఆమె కాటా వైపు చూసింది, నా వైపు చూసింది.
"మిగతా తొమ్మిదొందల చిల్లర కిలోలు ఎవరివి?"

గాలివి, అన్నాను.
విమానం వాడికి బరువొక్కటే కాదక్కా,
చోటు కూడా సరుకే.
మేకులు పంపితే ఇనుముకు తీసుకుంటాడు,
బుట్టలు పంపితే బుట్టలోని ఖాళీకి తీసుకుంటాడు.
ఇనుము కన్నా దూది బరువని
బళ్లో చెప్పి ఉంటే నా వీపు మీద బెత్తం విరిగేది.
ఇక్కడ దానికే జీతమిస్తున్నారు.

ఓడ అగ్గువ.
కానీ ఆ అగ్గువ మొదటి కాగితం వరకే.
తర్వాత రేవులో ఎత్తినందుకు, దించినందుకు,
పురుగు లేదని పొగపెట్టి రాసిచ్చినందుకు,
ఆ రాసిచ్చింది చదివినందుకు,
అవతలి ఒడ్డున తలుపు తీసినందుకు,
తిలాపాపం తలా పిడికెడు.
పైగా ఎర్రసముద్రమంటే భయపడి
ఓడలు ఆఫ్రికా కొస చుట్టి పోతున్నాయి.
నలభై రోజులు. ఎక్కువైతే నన్నడగొద్దు.

ఆమె నేలమీద కూర్చుంది.
చిన్న బుట్టను కాస్త పెద్దదాంట్లో,
దాన్ని ఇంకా పెద్దదాంట్లో,
ఆరు సైజులు, ఒకదాని కడుపులో ఒకటి.
మళ్లీ టేపు తీశాను. మూడొందల పది.
ఎనిమిదితో పనే పడలేదు.

అయినా ఓడే చవక.
తేడా డాలర్లలో చెబితే
ఆమె దాన్ని బుట్టల్లోకి మార్చుకుంది:
ముప్పై మూడు బుట్టలు.
బుట్టకు ఇరవై రోజులు. ఓడ ప్రయాణం
మనిషికి రెండు బుట్టలంత దూరం.
"అల్లుకుంటూ కూర్చుంటాం. ఓడ మీదే పోనీ."

ఓడ ఫారం తీశాను.
ఆమె మాత్రం లేవలేదు,
పేర్చినవన్నీ విప్పడం మొదలెట్టింది.
ప్రతి బుట్ట పిడికీ ఒక గుడ్డపీలిక, దాని మీద పేరు.
న్దుంగె. కొడుకు పరీక్ష ఫీజు, పదిహేనో తారీఖులోపు.
మ్వెందె. కంటి ఆపరేషన్.
స్యొకావు. "దీని మొగుడి సంగతి నీకెందుకులే."

సరుకు చేతికందాకే డబ్బు పంపుతాడు కొట్టువాడు.
ఆగలేనివాళ్లవి యాభై రెండు తేలాయి.
వాటిలో పెద్దవే ఎక్కువ, ఒకదాంట్లో ఒకటి ఇమడవు.
మళ్లీ గాలికి బాడుగ కట్టాలక్కా.
"తెలుసు," అంది,
"అది పద్దెనిమిది మందిమీ పంచుకుంటాం. రాయి."

పట్టికలో గడులు చాలక
పేర్లు అంచున రాసుకున్నాను.
ఆమె అప్పుడు నీళ్లడిగింది.

విమానం ఫారంలో సరుకు వివరం దగ్గర
'నార బుట్టలు, ఖాళీవి' అని రాయడం నాకు అలవాటు.
ఆ రోజు ఎందుకో రెండో మాట రాయలేదు.
సాయంత్రానికి కస్టమ్స్ నుంచి తిరిగొచ్చింది,
ఎర్రసిరాతో సున్నా చుట్టి:
లోపల ఏమున్నదీ రాయండి.