ఎనిమిదో గుంత

గుత్తి కోట గోడ వానకు జారిందని
కాంట్రాక్టరు మమ్మల్ని పిలిపించినాడు.
మా నాయన కుళ్లాయప్ప, చిన్నాయన, ఇద్దరు మేస్త్రీలు,
నీళ్లు మొయ్యడానికి నేను.
బడికి దసరా సెలవులు.

తెల్లారకముందే ఎక్కినాం.
కింద జంక్షన్లో ఏదో గూడ్సు బండి
కదలాలా వద్దా అని మూలుగుతాంది.
మెట్లకు రెండు పక్కలా సీతాఫలం చెట్లు,
కాయలు అప్పుడే కళ్లు తెరుస్తాండాయి.
ఒక వాకిలి దాటితే ఇంకొక వాకిలి.
తలుపుల్లేవు.
గడపలు మాత్రం అరిగి, నున్నగా,
ఇంకా ఎవరో వస్తారన్నట్టు ఉన్నాయి.

పైకొచ్చే జనం మామూలుగా
రాజు కూర్చున్న చోటేది అని అడుగుతారు.
అక్కడ నిలబడి ఫోటో దిగుతారు.
గోడ మీద బొగ్గుతో గుండెకాయ గీసి
దాంట్లో బాణం దింపి, పేర్లు రాసి పోతారు.
మా నాయన రాజును అడగలేదు.
గోడకు చెంప ఆనించి
రాయి పొడుగునా ఒంటికంటితో చూసినాడు,
ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు.

"ఇది తొందర పని" అన్నాడు ఒకచోట.
"శత్రువు దగ్గర్లోనే ఉండి ఉంటాడు."
ఇంకోచోట వేళ్లతో నిమిరి
"వీడికి పొద్దున కడుపు నిండా సంగటి పెట్టినారు."
ఒక మూలరాయి దగ్గర చాలాసేపు నిలబడి
ఏమీ అనలేదు.
చిన్నాయన గుచ్చి గుచ్చి అడిగితే
"ఇట్లా నాకు రాదు" అన్నాడు.
ఆ మాట ఆయన నోట
నేను మళ్లీ వినలేదు.

సున్నమూ బెల్లమూ తాగి పెరిగిన గోడ
సిమెంటును ఉమ్మేస్తుందని మా నాయన.
ఉమ్మేసేలోగా బిల్లు పాసవుతుందని కాంట్రాక్టరు.
ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

మధ్యాన్నం సద్దికి
నీడ వెతుక్కుంటా బురుజు వెనక్కి పోయినాం.
అక్కడుంది ఆ బండ.
పడుకున్న ఎనుము వీపు మాదిరి నల్లగా,
దాని మీద వరసగా గుంతలు,
జానెడుకొకటి, దారం పట్టినట్టు.
చీల గుంతలు.
ఎండు కొయ్య దిగ్గొట్టి నీళ్లు పోసి పోతే
రాత్రంతా కొయ్య ఉబ్బి ఉబ్బి
తెల్లారేసరికి బండ తనంతట తానే నోరు తెరుస్తుంది.
మా ముత్తాతల పని అది. చప్పుడు లేని పని.

ఏడు గుంతలు నిండు లోతు.
ఎనిమిదోది గోరు లోతు.
అంతే. ఆ పైన బండ బండగానే.

ముద్ద చేతిలో పట్టుకొని
"ఎందుకు నిలిపినాడు?" అన్నాడు మా నాయన.
ఫిరంగి పేలిందేమో అన్నాడు చిన్నాయన.
కూలి ఇయ్యలేదేమో అన్నాడు మేస్త్రీ బాలచెన్నయ్య.
పెండ్లాం నొప్పులు పడతాందని కబురొచ్చిందేమో,
ఇది మా నాయన.
ఆ తర్వాత వేలు పెట్టి, గీతల వాలు చూసి
నా వైపు తిరిగినాడు:
"ఎడమచేతివాటం వాడు. నీ మాదిరి."

పలక మీద ఎడమచేత్తో రాసినందుకు
ఐవారు వేళ్ల కణుపుల మీద కొట్టిన దెబ్బ
అప్పటికింకా మానలేదు.
ఆ ఏడు గుంతల్లో
ఒకదాని తర్వాత ఒకటి వేలు పెట్టి చూసినాను.
సరిగ్గా నాకే కుదిరినట్టు అనిపించింది.
ఏ వేలైనా కుదురుతుందని అప్పుడు తెలీదు.

"పూర్తి చెయ్యి నాయనా" అన్నాను.
నవ్వినాడు.
"కూలి ఎవరిస్తార్రా దానికి, నవాబిస్తాడా?"

పొద్దు గూకే ముందు దిగుతాంటే
సగం మెట్ల మీద ఆగి
అగ్గిపెట్టె మరిచిపోయినానని వెనక్కి పోయినాడు.
అగ్గిపెట్టె ఆయన జేబులోనే గలగలమంది.
విన్నాను, ఊరుకున్నాను.
పైనుంచి మూడుసార్లో నాలుగుసార్లో
ఠంగుమని ఇనుము.
కింద గూడ్సు బండి కూత వేసింది,
మిగతావి దాంట్లో కలిసిపోయినాయి.

ఇప్పుడు సిమెంటు పెచ్చులు ఊడి
గోడ మళ్లీ జారింది.
మొన్న వాన మర్నాడు ఒక్కణ్ణే ఎక్కి చూసినాను.
ఎనిమిది గుంతల్లోనూ నీళ్లు.
ఎనిమిదో దాంట్లో కాస్త తక్కువ.
చేత్తో తోడి చూస్తే
పైన కొన్ని గీతలు ఎడమకు వాలి,
అడుగున కొన్ని కుడికి.

పిగిలిపిట్ట ఒకటి
నేను పక్కకు జరిగేదాకా ఆగి
ఏడో గుంతలో తాగింది.
ఎనిమిదోది నేను తోడేసినాను కదా.