నాలుగొందల పదిహేడు

కొండపి పొగాకు వేలంలో ఇరవై ఆరేళ్లు
మాలకొండయ్య పలికాడు, నేను రాశాను.
ఒక చెక్కు దాటి ఇంకో చెక్కు దగ్గర అడుగు పడేలోపు
ఇరవైరెండు, రెండున్నర, మూడు, మూడుంబావలా...
ఆ నోటికి నా పెన్ను అందేది కాదు.

ఇప్పుడు వాన మొదలైతే
గొడుగు తీసి, విప్పి, నా నెత్తిన కూడా పట్టి,
గొడుగేదీ అని లోపల్నించి చెంచమ్మ కేకేస్తే
"గొడుగంటే ఏంది?" అంటాడు.

ఒంగోల్లో డాక్టరు మూడు మాటలు చెప్పి
అయిదు నిమిషాలాగి అడిగాడు.
ఒక్కటీ రాలేదు.
చీటీ మీద మతిమరుపు అని రాశాడు.
నేనూ రాసే మనిషినే, నాకు తెలుసు,
వినపడనిదాన్ని సున్నా అని రాస్తాం.

గుంటూరులో ఇంకొకాయన,
ముందు పేర్లు పోతాయమ్మా, సంగతులు ఉంటాయి,
అవి కూడా తర్వాతెప్పుడో, అన్నాడు.
ఆ ఎప్పుడో ఎప్పుడని అడగబోయి
చెంచమ్మ కొంగు సర్దుకుంది.

ఉప్పు అది. బస్సు అది. మనవరాలూ అదే.
పొగాకు చేతికిస్తే మాత్రం
ఈనె విరిచి, వాసన చూసి, వేళ్ల మధ్య నలిపి
కుడివైపు పెడతాడు.
నేను వెలుతుర్లో పట్టి చూశా.
కుడివైపే పెట్టాలి.

నా పేరు పోయి ఏడు నెలలు.
"నువ్వు... నువ్వూ..." అని దేవులాడతాడు
గోతం అడుగున పడ్డ పావలా కోసం లాగా.
మస్తానయ్యా, మస్తానయ్య, అని నేనే అందిస్తే
"మంచిది" అంటాడు, కొత్తవాణ్ని పలకరించినట్టు.

నిన్న అరుగు మీద కూచున్నాం.
చెక్కులేసుకుని ట్రాక్టరు పోతోంది.
అంకెలింకా చెడలేదాయనకి, మలుపు తిరిగేదాకా లెక్కపెట్టాడు.
తర్వాత నా మోకాలు తట్టి
"నాలుగొందల పదిహేడు" అన్నాడు.

ఆ లాటు నేను తప్పు రాశాను.
నిద్రలేని కళ్లతో ఇరవై ఒకటిని పన్నెండని.
రైతు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే
సూపరింటెండెంటు ముందు మాలకొండయ్య
"తప్పు పలికింది నేనేనండీ" అన్నాడు.
నెల జీతం కోశారు. చెంచమ్మకి ఈరోజుకీ తెలీదు.
ఆ తర్వాత మేమిద్దరం దాని ఊసెత్తలేదు,
ఏ మాటలోనూ పెట్టలేదు కాబట్టేనేమో
మాటలతోపాటు పోలేదు.

"ఇంకోసారి చెప్పు" అన్నాను.
చెప్పాడు.
జేబులో పెన్నుంది, కాగితం లేదు.
అరచేతిలో రాసుకున్నాను,
ఒక్కో అంకె,
నిదానంగా.