అయిదున్నర జతలు

లింగరాజపురం, మూడో క్రాసు, కింది పోర్షను.
పొద్దున అయిదున్నరకి పాల ప్యాకెట్లు గేటుకి తగిలించే పిల్లాడు
బెల్లు కొట్టడు.
దేవసహాయం మేలుకునే ఉంటాడని వాడికి తెలుసు.

ఒక కాగితం మీద ఆయనకి యాభై నాలుగేళ్ళు,
పెన్షను కాగితం మీద అరవై ఒకటి.
రెండింటి కిందా ఆయన వేలిముద్రే.

ఆయన పని చెప్పులు.
గుమ్మం పక్కన వరసగా, వేళ్ళు వీధి వైపు తిప్పి.
ఏవి ఎవరివో ఎవరూ నేర్పలేదు.
మడమ అరిగినవి రంగనాయకమ్మవి.
పుట్టస్వామివి కాళ్ళ వాపులకని నిరుడు ఒక సైజు పెద్దవి కొన్నాం.
నజీరన్నవి వెనక పట్టీ ఉన్నవి.
వేదవల్లిది ఎప్పుడూ ఒక్కటే, రెండోది దిండు కింద.
నావి గేటు వైపు చివర.
పనిమనిషివి చివర అని కాదు,
డ్యూటీ దిగి అందరికంటే ముందు వీధిలోకి వెళ్ళేది నేనని.
ఆ లెక్క అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

రంగనాయకమ్మ అందరినీ అడిగేది ఒకటే: "ఊట ఆయ్తా?"
గోడమీది పిల్లిని అడుగుతుంది,
ముప్ఫయ్యేళ్ళ కింద ఇక్కడ దింపి
ఏడాదికోసారి బత్తాయిలతో వచ్చే తమ్ముణ్ణి అడుగుతుంది.
"అయిందక్కా" అంటాడు. ఆయనకి ఎప్పుడూ అయ్యే ఉంటుంది.
కరెంటు మీటరు చూసేవాడు మాత్రం ఒకసారి
"నిమ్దు?" అని తిరిగి అడిగాడు.
ఆ రోజంతా ఆమె గేటు వదల్లేదు.

వానలు మొదలైన వారం
దేవసహాయం చొక్కా మూడో గుండీ దగ్గర ఆగిపోయాడు.
దాన్ని పట్టుకుని నిలబడ్డాడు,
బస్సెక్కాక ఊరి పేరు మరిచిపోయినవాడిలా.
అప్పుడు చూశాను గుమ్మం వైపు.
నా ఎడమ చెప్పు, పుట్టస్వామి కుడి చెప్పు
పక్కపక్కన.

పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరమ్మ. మంచి పిల్లే.
ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, వందలోంచి ఏడు తీస్తే ఎంత.
దేవసహాయం నవ్వాడు.
ఆమె సున్నా వేసింది.
అమ్మా, అవి ఆయనకి ఎప్పుడూ తెలీవు, అన్నాను,
పోయినవి వేరే.
ఏం పోయాయి? అని ఫైలు తిప్పింది.
నలభై ఏళ్ళ ఫైలు.
చదవడం రాదు. డబ్బు లెక్క రాదు. ఒంటరిగా రోడ్డు దాటడం రాదు.
వచ్చినవి రాసిన కాగితం ఒక్కటీ లేదు.
ఉందని ఎవరూ రాయనిది
పోయిందని ఎట్లా చూపించేది?

మర్నాడు డ్యూటీకి వస్తూ లాంగ్ నోట్‌బుక్కు కొన్నాను.
పదో తరగతి తప్పినదాన్ని, నా దస్తూరి బాగోదు.

*కుక్కరు మూడో కూతకి స్టవ్ దగ్గరికి వెళ్ళి నన్ను పిలుస్తాడు.
నజీరన్నకి ఫిట్సు వచ్చేది మాకంటే ముందు తెలుస్తుంది, దిండు తెస్తాడు.
ఆదివారం తల నున్నగా దువ్వుకుంటాడు, చర్చికి ఎవరూ తీసుకుపోకపోయినా.
అబద్ధం రాదు.*
(దీన్ని రానివాటిలో రాయాలో వచ్చినవాటిలో రాయాలో తెలీలేదు.)
*చెప్పులు.*

అక్కడ పెన్ను ఆగింది.
తక్కిన నలుగురికీ నాలుగేసి పేజీలు వదిలాను.
పుట్టస్వామికి మొదటి రాత్రే చాల్లేదు.

ఇవాళ పొద్దున ఆయన గుమ్మంలో కూలబడి ఉన్నాడు,
చుట్టూ చెప్పులు, చేతిలో ఒకటి,
అటు తిప్పి ఇటు తిప్పి.
నేను కదల్లేదు. పాలు పొయ్యి మీదున్నాయి.
వేదవల్లి లోపలికి వెళ్ళి
ఇన్నేళ్ళూ ఎవర్నీ తాకనివ్వని ఆ రెండోదాన్ని తెచ్చి
ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు.
ఆమెని చూశాడు.
గోడ పట్టుకుని లేచి, మెల్లగా లోపలికి నడిచి,
ఆమె దిండెత్తి, దాని కింద పెట్టి వచ్చాడు.

పాలు పొంగి పొయ్యంతా పారాయి.
తుడవకముందే నోట్‌బుక్కు తీశాను.