అరువు మంచాలు

ఈ నెలలో ఇది పద్నాలుగో మంచం.
ఎవరి పిల్లాడిదో గది. హాకీ కప్పులు బారుతీరి
మా నిద్రకి కాపలా కాస్తున్నాయి.
దుప్పటి పొట్టి. ఆర్లిన్ పాదాలు బయటే ఉన్నాయి,
ఇంకా ఎర్రమట్టి వదలని మడమలు.

మానిటోబాలో అక్టోబరు.
కోతలైన గోధుమ పొలాలు మాసిన గడ్డంలా గరుగ్గా.
దారి ఎంత తిన్ననిదంటే
స్టీరింగు మీద చేతులు పనిలేక సిగ్గుపడతాయి.
కారు ఎల్డన్ రైమర్ గారిది. హీటరు ఒక వైపే పనిచేస్తుంది.
వంతులేసుకుని వెచ్చబడతాం.

ప్రతి ఊళ్ళోనూ ఒక చర్చి, దాని కింద నేలమాళిగ,
మడత కుర్చీలు, పలచటి కాఫీ,
నూడుల్స్ మీద కరిగి బిగిసిన చీజ్.
పన్నెండేళ్ళకి మాకు పన్నెండు నిమిషాలు.
ఆర్లిన్ తెర మీద బొమ్మలు చూపిస్తాడు:
బావి, బడి, బావి పక్కన మేక.
మేక దగ్గర అందరూ నవ్వుతారు.
అది చచ్చిపోయి ఆరేళ్ళయింది.
ఒక బొమ్మని మాత్రం గబుక్కున దాటేస్తాడు.
అందులో చివర నిలబడ్డ పిల్ల పేరు కొరోతుమూ.
జ్వరం, వాన, తెగిన వంతెన,
అంత కథ పన్నెండు నిమిషాల్లో పట్టదు.

"అక్కడ ఎండ ఎంతుంటుంది?"
చెబుతాం.
"పాములు?"
ఉన్నాయి.
ఎప్పుడైనా విసుగొచ్చిందా అని ఎవరూ అడగరు.
అడిగితే ఏం చెప్పాలో
కారులో పెదాలు కదపకుండా సాధన చేశాను.

ప్రతి ఇంటి ఫ్రిజ్ మీదా మేం ఉన్నాం,
అయస్కాంతం కింద, పిజ్జా కూపను పక్కన.
బయల్దేరే ముందు తీసిన ఫొటో. ఆర్లిన్‌కి జుట్టుంది.
నేను అన్నీ తెలిసినదానిలా నవ్వుతున్నాను.
తలుపు తీసిన వాళ్ళు
ముందు ఆ ఇద్దరి కోసం చూసి
తర్వాత మమ్మల్ని ఆనవాలు పడతారు.

హుల్డా వీబ్‌కి తొంభై ఒకటి.
నెలనెలా ఇరవై డాలర్ల చెక్కు,
వెంట ఒక చీటీ, పెన్సిల్‌తో:
"మంచు పడింది. టమాటాలు పోయాయి. మిమ్మల్ని తలుచుకున్నాను."
బుర్కినా ఫాసోలో గాలి ఆడని రాత్రుళ్ళు
ఆ చీటీలతోనే విసురుకున్నాం.
ఇప్పుడావిడ వృద్ధాశ్రమంలో, కిటికీ పక్క కుర్చీలో.
మమ్మల్ని చూసి కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన వాళ్ళనుకుంది.
ఆర్లిన్ వంగి, పాపం, తిప్పి చూశాడు కూడా.
వెళ్ళొస్తామంటే నా మణికట్టు పట్టుకుంది.
"కూర్చోండి. నాకు ఆఫ్రికాలో ఇద్దరున్నారు.
మూడింటికి వాళ్ళ పేర్లు చెప్పుకోవాలి.
మీరూ కళ్ళు మూసుకోండి."
మూసుకున్నాం.
నా పేరు ఎవరో తెలియని మనిషిదిలా వినబడింది,
నాకంటే ఓపికైన మనిషి.
కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

ఆ తర్వాత ఆరు రోజులు ఖాళీ.
సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు, ఎవరో తాళంచెవి ఇచ్చారు,
ఎలుకలున్నాయి జాగ్రత్త అని రాసి.
మొదటి రోజు ఇల్లంతా తుడిచాను.
రెండో రోజు మళ్ళీ తుడిచాను.
మూడో రోజు ఆర్లిన్ చీపురు దాచేశాడు.

మేం ఉండే ఊరి భాషలో విశ్రాంతికి మాట లేదు.
మొదటి ఏడాది దానికోసం గడప గడపా తిరిగాం.
చివరికి జొన్నచేలో ఒక ముసలాయన నవ్వి
"పార గోడకి ఆనించడం" అన్నాడు.
ఆనించడమే. పారెయ్యడం కాదు.

నాలుగో రోజు నేను లేచేసరికి
మధ్యాహ్నం మూడు దాటింది.
ఒడ్డున నీళ్ళు అద్దంలా సన్నగా గడ్డకట్టాయి.
హుల్డా ఈపాటికి మా పేర్లు పలికేసే ఉంటుంది.
చీపురు కనబడింది, తలుపు వెనక.
ముట్టుకోలేదు.
ఆర్లిన్ వసారాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు,
ఎవరికీ ఏదీ చూపించకుండా.
దుప్పటి తెచ్చాను. ఇదీ పొట్టిదే.
పాదాల మీద నా కోటు కప్పాను.

ఆదివారం బ్రాండన్‌లో మళ్ళీ పన్నెండు నిమిషాలు.
లేచాక చెప్పాలి ఇతనికి,
మేకని తీసెయ్యమని,
ఆ పిల్ల దగ్గర కాసేపు ఆగమని.