గాడి

ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా మేనత్త వరాలమ్మ
"హమ్మయ్య, గాడిన పడ్డావే" అంది.
గాడి లోతు కొలవడమే నా ఉద్యోగమని
ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

భీమవరంలో, ఐసు ఫ్యాక్టరీ వెనక మా ల్యాబు.
తలుపు తీస్తే ముందు రొయ్యల వాసన,
ఆ తర్వాతే తారు.
బల్ల మీద గోనెపట్టాలో కొత్తగరువు రోడ్డు:
రెండు గుండ్రటి ముక్కలు, పొత్రమంత.
కోసిన చోట మిరియాల జున్నుని తిరగేసినట్టు
నలుపులో తెల్లరాళ్లు.

తొట్టిలో పెట్టి నీళ్లు పోశాను. యాభై డిగ్రీలు.
రోహిణి కార్తెలో ఆ రోడ్డు ఒళ్లు అంతకన్నా కాలుతుంది,
కానీ పుస్తకం యాభై అంది.
ఇనుప చక్రం మీద ఇంచుమించు ఒక ధాన్యం బస్తా బరువు.
స్విచ్ వేశాను.

పోవడం. రావడం.
పోవడం. రావడం.
నిమిషానికి యాభై రెండుసార్లు,
జానెడు దూరం వెళ్లి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కి.
ఒకసారి టీ చల్లారుతుంటే లెక్కేశాను:
ఇరవై వేలసార్లు తిరిగితే నాలుగున్నర కిలోమీటర్ల పైమాటే.
అంటే ఇక్కడ బయల్దేరి, కాలవ దాటి,
మా ఊరి రైలు గేటు దాకా.
పాపం, పెట్టెలోంచి కదలకుండా.

వెయ్యిసార్లకి రెండు మిల్లీమీటర్లు.
నాలుగు వేలకి మూడు.
పర్లేదు, సర్దుకుంటోంది అనుకున్నాను,
కొత్త చెప్పు కాలికి సర్దుకున్నట్టు.
మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు దగ్గింది. మళ్లీ పోవడం, రావడం.

పదకొండు వేల దగ్గర తెర మీద గీత వంగింది.
వంగడం కాదు, జారింది,
తెల్లారుజామున చెరువు గట్టు జారినట్టు
చప్పుడు లేకుండా, ముందు కాస్త, ఆనక మొత్తం.
తొట్టిలో నీళ్లు నల్లబడ్డాయి.
రాయి తారుని వదిలేసిందో, తారే రాయిని వదిలేసిందో,
ఎవరు ముందు వదిలారో చెప్పే మిషను
మా దగ్గర లేదు.

పదమూడు వేలకి పన్నెండున్నర. చక్రం దానంతటదే ఆగింది.
రిజిస్టరులో ఎర్ర ఇంకు.

వరండాలో ఏసుపాదం కూర్చున్నాడు.
ముక్కలు ఆటోలో తెచ్చింది అతనే.
ఆ రోడ్డు మీద పొగలు కక్కే మిక్సుని రేకుతో లాగింది కూడా అతనే,
మే నెలలో, పదకొండు రోజులు.
మడమల మీద కిరోసిన్‌కీ పోని నల్ల చుక్కలు.

"మా రోడ్డు పాసయ్యిందాండీ?"

మా, అన్నాడు.
కంట్రాక్టరు ఎప్పుడూ ఆ మాట వాడలేదు.

చెప్పాలనుకున్నాను:
తారు మెత్తన, నీ చెయ్యి కాదు.
ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల లారీలు కాదు నువ్వు.
అడుగున ఎండకి నోరు తెరిచి వానకి ఉబ్బే నల్లరేగడి కాదు.
చెప్పింది: "రిపోర్టు సోమవారం ఇస్తామండి."

లోపలికొచ్చాడు. తొట్టిలోకి వంగి చూశాడు.
అడక్కుండానే గాడిలో చూపుడువేలు పెట్టాడు.
గోరు మునిగింది, సరిగ్గా గోరే.
"ఇంతా చేసి గోరంతే కదండీ!"
అవును, అన్నాను. గోరంతే.
కొండంత ఎలా అవుతుందో
వానాకాలం స్కూటర్ల వాళ్లకి తెలుసు.

అతను వెళ్లాక, ఎవరూ అడగని మాట
రిమార్కుల గడిలో నీలం ఇంకుతో రాశాను:
'పరిచిన తీరు చక్కగా ఉంది.'
ఎవరూ చదవరు. చదివితే సంజాయిషీ అడుగుతారు.

రాత్రి ఇంటికొస్తుంటే కాలవ గట్టున
నా స్కూటీ చక్రాన్ని గాడి పట్టుకుంది.
హ్యాండిలు తిప్పినా వదల్లేదు.
లారీ కార్చిన ఐసు నీళ్లు, చల్లగా, నీచుగా
పాదాల మీద చిందాయి.
కాసేపు దాని ఇష్టానికే పోనిచ్చి
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒకటి.