ఎడంపక్క

ఒగ చెయ్యి వీపెనక పెట్టుకో ఇమాంబీ.
జేబులో పెట్టుకోమంటారు తెలిసినోళ్ళు,
లుంగీకి జేబు యాడుంది.
మున్నూరు వోల్టులు.
మోటారు షాకు మాదిరి ఇసిరికొట్టదు ఇది,
పట్టుకుంటాది.
స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కూచోనుంటాది
అప్పిచ్చినోడు అరుగు మీద కూచున్నట్ల.

వాల్వులు పాత టాకీసువి.
తెర చించి ఆ హాలును శనక్కాయల గోడౌను చేసిన దినం
ఆపరేటరు సుంకన్న నాలుగు ఎత్తిపెట్టినాడు,
పత్తిలో చుట్టి, పసుపు డబ్బాలో.
నాకిచ్చేటప్పుడు లెక్కజూసి ఇచ్చె.
సందు మలుపు దాకా పోయినాక పిలిచి
ఇంగోసారి లెక్కజూసె.

ట్రాన్స్‌ఫార్మరు రేకులు స్టెబిలైజర్లవి.
కరెంటు నిలకడ లేని కాలంలో
తాడిపత్రిలో ఇంటింటి గోడకూ ఒగటి యాలాడె,
ఇప్పుడు ఖాజామొద్దీను గుజిరీలో కిలో లెక్క.
సన్నతీగ సీలింగు ఫ్యాన్లది.
లావుతీగ చౌడప్ప బోరుమోటారుది.

ఆరునూర్ల యాభై అడుగులు. నీళ్ళు రాలేదు.
మోటారు కాలె, చుట్టిచ్చినా.
మల్ల కాలె, మల్ల చుట్టిచ్చినా.
మూడోతూరి తీసకపోను ఆయప్ప రాలేదు.
కాలిన తీగ పనికిరాదు,
వార్నీషు బొగ్గయి గోరుకే రాలిపోతాది.
కానీ దాని పక్కనే ఒగ కాయిలు
యామీ ఎరగనట్ల ఎర్రగా మెరుస్తాండె.
దాన్నే ఇప్పినా.

చుట్లు ఎంచేటప్పుడు మాట్లాడొద్దని నీకు చెప్పినా,
మీయమ్మకు చెప్పలా.
రెండువేల నాలుగునూర్లు చుట్టల్ల,
పొర పొరకూ లెదరాయిడ్ కాయితం.
పద్దెనిమిది నూర్ల కాడ
వాకిట్లో నిలబడి, పిల్ల తినిందా అనె.
లెక్క పాయె.

అడుగున ఇనుప పెట్టె కాదు, నాపబండ.
పాలీషు ఫ్యాక్టరీ ఎనక గుంతలో పారేసిన ముక్క.
పద్నాలుగేండ్లు ఆ ఫ్యాక్టరీలోనే నిలబడితి,
బ్లేడు ఎప్పుడూ ఎడంపక్కే.
రాయి కోసే సద్దు చెవిలోకి పోతా పోతా
ఒగనాడు లోపల్నే ఉండిపాయె.
ఇంగ ఆపక్క నుంచి ఎవురూ పిలవలా నన్ను.
ఈ బండకు బెజ్జాలేసేటప్పుడు
నీళ్ళు పోస్తా పోస్తా ఏసినా. నిదానంగా.

ఒంటిచెవోనికి స్టీరియో ఏంటికప్పా,
ఒగ పెట్టె చాలదా అని టీ కొట్టు కాడ నవ్విరి.
కుంటోడు చెప్పు ఒగటే కొంటాడా
అన్న్యా.

స్విచ్చి ఏసినంక శానాసేపు ఏమీ కాలేదు.
తర్వాత గాజు లోపల
ఎవురో పిడకను ఊదినట్ల ఎరుపు.
దుమ్ము కాలిన వాసన.
బాగుందన్న్యా నేను.
ల్యా మామా, ఆపక్క గుయ్యిమంటాండాది అంటివి నువ్వు,
బావిలో మోటారు ఆడినట్ల.
నాకేం తెలుసు.
రాత్రి పదకొండు దాకా
ఎర్తు తీగలన్నీ ఊడబెరికి ఒగే బోల్టుకు తెచ్చి కట్టినాక
నువ్వు తల ఊపితివి. ఆ ఊపుడే నా మీటరు.

సుంకన్న క్యాసెట్టు పెట్టినాడు.
పెన్న గట్టున నలభై ఏండ్ల కిందటి చెక్కభజన,
రెండు వరసలు ఎదురెదురుగా,
వరసకొగ మైకు యాలాడగట్టి పట్టినాడంట.
కుడిపక్క వరస నాకు వినిపిస్తాండె.
గురువు గొంతు, గజ్జెలు, యాడనో కుక్క గుడక.

ఎడంపక్క ఎట్లుండాది, చెప్పు పిల్లా.

నువ్వు కండ్లు మూసుకుంటివి.
అందరూ బాగేస్తాండారు మామా,
ఒగాయప్ప మాత్రం
ప్రతిసారీ ఒగ పిసరు ఎనకబడతాండాడు.
ఎవురాయప్ప?

సుంకన్న గోడతట్టు తిరిగి
క్యాసెట్టు డబ్బా తుడుస్తా ఉండాడు, తుడిచిందే తుడుస్తా.
నేను లేచిపోయి
ఎడం స్పీకరు కాయితం మీద
అరచెయ్యి పెట్టినా.

టక్కు. టక్కు.
టక్కు. కొంచెం ఆలీసంగా
ఇంగొగ టక్కు.